కొత్త మోడెం పెట్టాక ఇంటర్నెట్ నెమ్మదిస్తే ఎక్కడ వెతకాలి

పాత మోడెం తీసి కొత్తది బిగించాక ఇంటర్నెట్ నెమ్మదించిందంటే, ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే: లోపం వీధి స్తంభం నుంచి మోడెం దాకా వచ్చే ఫైబర్‌లో ఉందా, మోడెం నుంచి ఫోన్ దాకా వెళ్లే వైఫైలో ఉందా అన్నది. ఇది తేలకుండా ఆపరేటర్‌ను పిలిస్తే, వచ్చినతను మోడెం ఆపి మళ్లీ వేసి వెళ్లిపోతాడు, రాత్రికి కథ మళ్లీ మొదటికొస్తుంది.

ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా మోడెంకు కలిపి, ల్యాప్‌టాప్‌లోని వైఫై ఆపేసి, ఇంట్లోని టీవీ, ఫోన్లు వాడకంలో లేని సమయంలో స్పీడ్ టెస్ట్ చేయండి. ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఒకసారి చేసి రెండూ రాసి పెట్టుకోండి. రాత్రి మాత్రమే పడిపోతుంటే ఆపరేటర్ వైపు రద్దీ ఉన్నట్టే కాబట్టి, మీరు మోడెం సెట్టింగులు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు.

రెండు వందల ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) ప్లాన్ తీసుకున్నా టెస్ట్ 94 దగ్గరే ఆగిపోతుంటే, అనుమానం కేబుల్ మీదికి, పోర్టు మీదికి వెళ్లాలి. గిగాబిట్ వేగానికి, అంటే వెయ్యి ఎంబీపీఎస్‌కు, ల్యాన్ కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కలవాలి. ఒక్కటి తెగినా కనెక్షన్ వంద ఎంబీపీఎస్‌కు దిగిపోవచ్చు. కొన్ని మోడెంలలో ఒక్క పోర్టే గిగాబిట్‌ది, మిగతావి వందకు పరిమితమైనవి కాబట్టి పోర్టు మార్చి కూడా చూడండి. డౌన్‌లోడ్ దగ్గర కనిపించే అంకె మెగాబైట్లలో ఉంటుందనీ, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి వంద ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లేననీ గుర్తుంచుకుంటే సగం ఆందోళన తగ్గుతుంది.

తీగతో కూడా వేగం రాకపోతే ఫైబర్‌ను చూడాలి. బ్రౌజర్‌లో మోడెం చిరునామా, తరచుగా 192.168.1.1, తెరిచి లోపలికి వెళ్తే ఆప్టికల్ పవర్ అనే చోట ఆర్ఎక్స్ విలువ, అంటే మోడెంకు అందుతున్న కాంతి బలం, డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. అది మైనస్ 15కు, మైనస్ 25కు మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఇళ్లలో వాడే సాధారణ ఫైబర్ (జీపాన్) మోడెంకు మైనస్ 27 దాదాపు ఆఖరి హద్దు, అంతకంటే కిందికి, మైనస్ 28, 29కు దిగితే కనెక్షన్ తడబడుతుంది. మోడెం మార్చేటప్పుడు మిగిలిన ఫైబర్‌ను బిగుతుగా చుట్టి టీవీ స్టాండ్ వెనక కుక్కడం, ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం కనెక్టర్‌కు తగిలించడం, కొన మీద దుమ్ము చేరడం దీనికి సాధారణ కారణాలు. హనుమకొండ, కాజీపేట కాలనీల్లో మరొకటుంది: స్తంభం నుంచి డాబా పిట్టగోడ మీదుగా వచ్చే తీగను కోతులు పట్టి లాగుతాయి, అది పైకి బాగానే ఉన్నట్టు కనిపించినా ఎక్కడో ఒకచోట మెలిక పడి ఉంటుంది. మేడ ఎక్కి ఒకసారి కళ్లారా చూడండి. ఫైబర్ కొనలోకి మాత్రం చూడవద్దు. అందులోని లేజర్ కాంతి కంటికి కనిపించదు గానీ హాని చేయగలదు.

తీగతో వేగం సరిగ్గా ఉండి, ఫోన్‌లో రాకపోతే సమస్య వైఫైదే. కొత్త మోడెం రెండు పేర్లతో కనిపిస్తే దగ్గరలో ఉన్నప్పుడు 5 గిగాహెర్ట్జ్ దానికి కలపండి. అయితే అది స్లాబు దాటి పై అంతస్తుకు బలంగా చేరదు. హనుమకొండలోని నయీంనగర్ వంటి హాస్టళ్లు నిండిన వీధుల్లో 2.4 గిగాహెర్ట్జ్ బాగా రద్దీగా ఉంటుంది కనుక, 1, 6, 11 చానళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి. వైఫై సెట్టింగుల్లో భద్రత వరుసలో టీకేఐపీ అనే పాత పద్ధతి ఉంటే ఏఈఎస్ అనే కొత్తదానికి మార్చండి, లేకపోతే వైఫై 54 ఎంబీపీఎస్ దాటదు. మోడెంను ఇనుప బీరువా పక్క నుంచి తీసి ఇంటి మధ్యకు, కాస్త ఎత్తుకు చేర్చడం ఖర్చు లేని మందు. కొత్త మోడెం వెనక పాత రూటర్ ఇంకా తగిలించి ఉంటే దాన్ని తీసి మళ్లీ పరీక్షించండి. దాని పోర్టు వందదే అయితే ఇల్లంతా వందకే కట్టుబడుతుంది.

ఇవన్నీ చూశాక కూడా తీగ మీద వేగం మీ ప్లాన్ కంటే తక్కువ అంకె దగ్గర ప్రతిసారీ ఒకేలా ఆగుతుంటే, కొత్త మోడెం సీరియల్ నంబరును ఆపరేటర్ తన యంత్రంలో పాత ప్లాన్‌తో నమోదు చేసి ఉండవచ్చు. ఫిర్యాదులో రెండు పూటల స్పీడ్ టెస్ట్ ఫలితాలు, ఆర్ఎక్స్ విలువ, మోడెం సీరియల్ నంబరు ఇచ్చి, ఈ మోడెంకు ఏ ప్లాన్ ప్రొఫైల్ కట్టారో సరిచూడమని అడగండి.