ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ కావాలనుకుంటే

జీతం బాగుంటుందని విని ఇటు చూస్తున్నారా? ముందు పని తెలుసుకోండి. రాడార్ తెర ముందు కూర్చుని, రెండు విమానాల మధ్య నిలువుగా 1,000 అడుగులో, లేదంటే పక్కకి సాధారణంగా 5 నాటికల్ మైళ్లో (సుమారు 9 కిలోమీటర్లు) దూరం ఉండేలా చూడాలి. మనసులో లెక్కలు చేయడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం వినడం. మనం చెప్పిన ఎత్తును పైలట్ తిరిగి చెబుతాడు, అందులో ప్రతి అంకె పట్టుకోవాలి. శిక్షణలో ఒకసారి పైలట్ తప్పు ఎత్తు చెబితే నేను గమనించలేదు. పక్కనున్న ట్రైనర్ వెంటనే సరిదిద్దారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అందుకే రోజూ ఫోన్ నంబర్లు ఎవరితోనైనా చదివించుకుని, ఒక్కసారి వినగానే రాసి చూసుకోండి.

అంతర్జాతీయ విమానాలకు ఇంగ్లిష్ మాట్లాడడంలో, అర్థం చేసుకోవడంలో ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) చెప్పే 4వ స్థాయి కావాలి. మెడికల్ ఉంటుంది కాబట్టి కళ్లు, చెవులు ముందే చూపించుకోండి. రాత్రి షిఫ్టులు తప్పవని ఇంట్లో ఇప్పుడే చెప్పేయండి.