కాన్సాస్ సిటీకి కొత్తగా వచ్చారా? ఇల్లు తీసుకునే ముందు స్టేట్ ట్యాక్స్ సంగతి

కాన్సాస్ సిటీ ఒకే ఊరు అనుకుని వస్తాం. తీరా వచ్చాక మధ్యలో స్టేట్ లైన్ రోడ్ అని ఒకటుంటుంది. దానికి పడమర కాన్సాస్, తూర్పున మిస్సోరీ. రోడ్డు దాటితే పన్ను చట్టం వేరు. మనవాళ్లు చాలామంది కాన్సాస్ వైపు ఓవర్లాండ్ పార్క్‌లోనో ఒలేథాలోనో ఉంటారు, కొందరికి ఆఫీసు మిస్సోరీ వైపు పడుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా మన జీతంలోంచి రాష్ట్రం పట్టుకునేది నెలకు మహా అయితే 200 రూపాయల వృత్తి పన్ను. అందుకే ఇక్కడ మొదటి పే స్టబ్‌లో (జీతం స్లిప్‌లో) ఫెడరల్ ట్యాక్స్ కింద స్టేట్ ట్యాక్స్ అని ఇంకో వరుస కనిపిస్తే కంగారు పుడుతుంది. కాన్సాస్‌లో 2024 నుంచి రెండు శ్లాబులు: 5.2 శాతం, 5.58 శాతం. సరిగ్గా అప్పుడే డాలస్ నుంచి ఫ్రెండ్ ఫోన్ చేసి "మాకు స్టేట్ ట్యాక్సే లేదు" అంటాడు. నిజమే. అక్కడి ఇంటి పన్ను ఎంతో కూడా అడగండి. అద్దెకున్నా తప్పించుకోలేం, ఓనర్ దాన్ని అద్దెలోనే కలుపుతాడు.

ఈ పన్ను తగ్గిస్తే రాష్ట్రం బాగుపడుతుందా అన్న వాదన ఆఫీసులో తప్పకుండా వింటారు. ఇక్కడివాళ్లు అంత వేడిగా ఎందుకు మాట్లాడతారో తెలియాలంటే 2012కి వెళ్లాలి. అప్పటి కాన్సాస్ గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ ఇన్‌కమ్ ట్యాక్స్ గరిష్ఠ రేటును 6.45 నుంచి 4.9 శాతానికి దించారు. ఆర్థిక వ్యవస్థ గుండెకు ఇది అడ్రినలిన్ ఇంజెక్షన్ లాంటిదన్నారు. ఎల్‌ఎల్‌సీల (ఓనర్ల బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీల) వంటి చిన్న సంస్థల ద్వారా ఓనర్లకు వచ్చే వ్యాపార ఆదాయం మీదైతే స్టేట్ ట్యాక్స్ పూర్తిగా ఎత్తేశారు. అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా, 3.3 లక్షలకు పైగా సంస్థలు ఆ మినహాయింపు వాడుకున్నాయి. కొత్త షాపులు పెట్టినవాళ్లే కాదు, జీతాన్ని ఎల్‌ఎల్‌సీ ఆదాయంగా మార్చుకోగలిగినవాళ్లూ అందులో ఉన్నారు. హెచ్-1బీ వీసా మీద డబ్ల్యూ-2 జీతం, అంటే కంపెనీ ఉద్యోగిగా జీతం తీసుకునేవాడికి ఆ దారే లేదు.

2014 ఆర్థిక సంవత్సరంలో రాబడి సుమారు 70 కోట్ల డాలర్లు పడిపోయింది. అప్పుల రేటింగ్ తగ్గింది, రోడ్ల నిధులు వేరే ఖర్చులకు మళ్లాయి, 2015లో కొన్ని చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్‌లు వేసవి సెలవులు ముందే ఇచ్చేశాయి. ఉద్యోగాల పెరుగుదల చుట్టుపక్కల రాష్ట్రాలను మించలేదు. లోటు పూడ్చడానికి 2015లో సేల్స్ ట్యాక్స్‌ను 6.15 నుంచి 6.5 శాతానికి పెంచారు. అది బియ్యం, కందిపప్పు మీద కూడా పడేది. ఎల్‌ఎల్‌సీ ఓనర్‌కు లాభం మీద సున్నా, పప్పు కొనుక్కునే స్టూడెంట్‌కు ఆరున్నర! నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే. 2017 జూన్‌లో బ్రౌన్‌బ్యాక్ సొంత పార్టీ శాసనసభ్యులే చాలామంది అవతలి పార్టీతో కలిసి, ఆయన వీటోను కాదని పన్నులు మళ్లీ పెంచారు.

తగ్గించిన ప్రతిచోటా ఇలాగే అయిందనను. నార్త్ కరోలినాలో 2014 నుంచి మెల్లగా, మినహాయింపులు కోసి, సేల్స్ ట్యాక్స్‌ను మరికొన్ని సేవలకు విస్తరించి మరీ రేటు దించుతూ వచ్చారు. అక్కడ ఖజానా ఇలా కుప్పకూలలేదు.

ఇక మీ పని. కాన్సాస్‌లో ఉంటూ మిస్సోరీలో పనిచేస్తే రెండు రిటర్న్‌లు వేయాలి. మిస్సోరీకి కట్టినదానికి కాన్సాస్ క్రెడిట్ ఇస్తుంది కాబట్టి ఒకే జీతానికి రెండుసార్లు పూర్తిగా కట్టక్కర్లేదు. ఆఫీసు మిస్సోరీ వైపు కాన్సాస్ సిటీలో ఉంటే నగరానికి ఇంకో 1 శాతం పోతుంది. ఊరి బయట ఉంటూ ఇంటి నుంచి పనిచేసిన రోజుల లెక్క రాసుకుంటే ఆ మేరకు వెనక్కి అడగవచ్చు. పేరోల్‌లో ఏ స్టేట్‌కు పట్టుకుంటున్నారో మొదటి నెలలోనే చూడండి. నా మొదటి ఏడాది కంపెనీవాళ్లు మొత్తం కాన్సాస్‌కే కట్టేశారు. ఏప్రిల్‌లో మిస్సోరీకి చేతి నుంచి కట్టి, కాన్సాస్ రిఫండ్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆ టెన్షన్ మీకొద్దు.

కారు మీద ఏటా పన్ను రెండు వైపులా ఉంది. కాన్సాస్‌లో రిజిస్ట్రేషన్‌తో పాటు కడతారు, మిస్సోరీలో డిసెంబర్ 31లోపు. కిరాణా మీద కాన్సాస్ స్టేట్ పన్ను 2025 జనవరి నుంచి సున్నా. బిల్లులో ఇంకా కనిపించేది సిటీ, కౌంటీలది.

రాబడి పెరిగితే రేటును మెల్లగా 4 శాతానికి దించే చట్టం కాన్సాస్‌లో 2025లో వచ్చింది, గవర్నర్ లారా కెల్లీ వీటో చేసినా సరే. అవతల మిస్సోరీ గవర్నర్ మైక్ కీహో అసలు ఇన్‌కమ్ ట్యాక్సే ఎత్తేద్దామంటున్నారు. ఈ లెక్కలు కొన్నాళ్లు మారుతూనే ఉంటాయి, లీజు ఏడాదికే రాయించుకోండి.