కొత్త ఫారెక్స్ బ్రోకరేజ్ తెరిచే ముందు: ట్రేడింగ్ ప్లాట్‌ఫాం సెటప్‌లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఫారెక్స్ బ్రోకరేజ్ పెడదామనుకునేవాళ్లు ఎక్కువమంది మొదట అడిగేది ప్లాట్‌ఫాం ఎంతకొస్తుంది, ఎన్ని రోజుల్లో లైవ్ అవుతుంది అని. వెండర్లు కూడా కొద్ది రోజుల్లో రెడీ అంటారు, అది అబద్ధమేమీ కాదు, సర్వర్ లేచి చార్టులు కదలడానికి పెద్దగా టైం పట్టదు. కష్టమంతా ఆ తర్వాతే. ఒకరోజు కస్టమర్ ఫోన్ చేసి "నా పొజిషన్ ఈ రేటుకే ఎందుకు క్లోజ్ అయింది?" అని అడుగుతాడు (పొజిషన్ అంటే ఇంకా మూయని ట్రేడ్). ఆ రేటు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ క్షణంలో వచ్చిందో, ఏ రూల్ ప్రకారం క్లోజ్ అయిందో లాగ్ తీసి చూపించగలగాలి. ఆ స్థితికి రాకముందే జనం డబ్బు తీసుకోవడం మొదలుపెట్టకండి. ఇక్కడ రాస్తున్న జాగ్రత్తలన్నీ దాని కోసమే.

ముందు లైసెన్స్ సంగతి తేల్చుకోండి, ఎందుకంటే ప్లాట్‌ఫాంలో సగం సెట్టింగులు దాన్ని బట్టే ఉంటాయి. మీ కంపెనీ ఎక్కడ రిజిస్టర్ అయిందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, కస్టమర్ ఏ దేశంలో ఉన్నాడో అక్కడి రూల్స్ కూడా మీకు వర్తిస్తాయి. యూరప్‌లో 2018 నుంచి రిటైల్ కస్టమర్లకు ప్రధాన కరెన్సీ జతల మీద 30 రెట్లకు మించి లెవరేజ్ (పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్ల ట్రేడ్ వేయనివ్వడం) ఇవ్వకూడదు, ఖాతాలో మిగిలిన డబ్బు మార్జిన్‌లో (పొజిషన్లకు హామీగా ఉంచాల్సిన మొత్తంలో) 50 శాతానికి పడితే పొజిషన్లు మూసెయ్యాలి, బ్యాలెన్స్ సున్నా కిందికి పోనివ్వకూడదు. అమెరికాలో ఈ వ్యాపారం చేయాలంటే కనీసం 2 కోట్ల డాలర్ల నికర మూలధనం చూపించాలి. భారత రిజర్వ్ బ్యాంకు 2022 నుంచి అనుమతి లేని ఫారెక్స్ ప్లాట్‌ఫాంల అలర్ట్ లిస్టు ప్రచురిస్తోంది. కరీబియన్ దీవి దేశం సెయింట్ విన్సెంట్‌లో కంపెనీ రిజిస్టర్ చేసుకుని అదే లైసెన్స్ అని చెప్పుకునేవాళ్లు ఉన్నారు. ఫారెక్స్ బ్రోకర్లకు తాము లైసెన్స్ ఇవ్వమని అక్కడి రెగ్యులేటరే స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఏయే దేశాల వాళ్లను తీసుకోకూడదో లిస్టు రాసుకుని, ఖాతా తెరిచే ఫారంలోనే ఆ దేశాలను బ్లాక్ చేయండి. తర్వాత చూద్దాంలే అని వదిలేస్తే, ఖాతాలో డబ్బు పడిన తర్వాత ఆ కస్టమర్‌ను బయటికి పంపడం చాలా గొడవ అవుతుంది.

ప్లాట్‌ఫాం దగ్గరికొస్తే సొంత సర్వర్ లైసెన్స్ కొనడం ఒక దారి, ఇంకో బ్రోకర్ లైసెన్స్ మీద వైట్ లేబుల్ (వాళ్ల ప్లాట్‌ఫాంనే మీ పేరుతో నడపడం) తీసుకోవడం ఇంకో దారి. వైట్ లేబుల్ చవక, నిజమే, కానీ అందులో మీ కస్టమర్ల డేటా, మీ ట్రేడ్ హిస్టరీ ఇంకొకరి సర్వర్‌లో ఉంటాయి. వాళ్లకీ ప్లాట్‌ఫాం కంపెనీకీ మధ్య ఏదైనా తేడా వస్తే దెబ్బ మీకూ తగులుతుంది. 2024 ఫిబ్రవరిలో అలా వేరే బ్రోకర్ల లైసెన్స్ మీద నడుస్తున్న కొన్ని ప్రాప్ ట్రేడింగ్ సంస్థలకు (సంస్థ డబ్బుతో ట్రేడర్ల చేత ట్రేడ్ చేయించేవి) ఎంటీ4, ఎంటీ5 (మెటాట్రేడర్ ప్లాట్‌ఫాం రెండు వెర్షన్లు) యాక్సెస్ హఠాత్తుగా పోయింది. అంతకుముందు 2022 సెప్టెంబర్‌లో యాపిల్ ఈ రెండు యాప్‌లనూ తన స్టోర్ నుంచి తీసేసింది, మళ్లీ 2023 మార్చిలో గానీ పెట్టలేదు. అన్ని నెలలు కొత్తగా వచ్చే ఐఫోన్ కస్టమర్‌కు యాప్ లేనట్టే. అందుకే సంతకం పెట్టే ముందు మూడు విషయాలు కాంట్రాక్ట్‌లో రాయించుకోండి: సర్వీస్ ఆపాలంటే ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, డేటా మొత్తం ఏ ఫార్మాట్‌లో ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఆ మధ్యకాలంలో తెరిచి ఉన్న పొజిషన్లు ఎవరి పూచీ. బ్రౌజర్‌లో నడిచే వెబ్ ట్రేడర్ కూడా మొదటి రోజు నుంచే ఉంచండి.

ఇక సింబల్ (యూరో-డాలర్, బంగారం లాంటి ట్రేడ్ అయ్యే ఒక్కో అంశం) సెట్టింగులు. నష్టం చడీచప్పుడు లేకుండా మొదలయ్యేది ఇక్కడే కాబట్టి దీనికి ఎంత టైం పెట్టినా తక్కువే. ఒక్కో సింబల్‌కు డెసిమల్ అంకెలు, కాంట్రాక్ట్ సైజ్, మార్జిన్ ఏ కరెన్సీలో, స్వాప్ (పొజిషన్ రాత్రి దాటితే పడే వడ్డీ) ఏ పద్ధతిలో, ట్రేడింగ్ వేళలు, కనీస లాట్ (ట్రేడ్ పరిమాణం కొలిచే యూనిట్), గరిష్ఠ లాట్, ఇలా చాలా ఉంటాయి. యూరో-డాలర్‌కు 1 లాట్ అంటే 1,00,000 యూరోలు, రేటుకు 5 దశాంశ అంకెలు, యెన్ జతలకు 3. బంగారం 1 లాట్ సాధారణంగా 100 ఔన్సులు. ఇప్పుడు మీ లిక్విడిటీ ప్రొవైడర్ (మీకు రేట్లిచ్చి, మీరు పంపే ఆర్డర్లు తీసుకునే సంస్థ) బంగారాన్ని లాట్లలో కాకుండా ఔన్సుల్లో తీసుకుంటాడు అనుకుందాం, బ్రిడ్జిలో (మీ ప్లాట్‌ఫాంను ప్రొవైడర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్‌లో) ఆ మార్పిడి పెట్టడం ఎవరో మర్చిపోయారు. కస్టమర్ 1 లాట్ కొంటాడు, మీ వైపు 100 ఔన్సులు, ప్రొవైడర్ దగ్గరికి మాత్రం 1 అని వెళ్తుంది, అంటే 1 ఔన్సు. ఆర్డర్ ఫిల్ అయిందని పచ్చగా చూపిస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు. బంగారం 10 డాలర్లు పెరిగితే కస్టమర్‌కు 1,000 డాలర్ల లాభం, మీ హెడ్జ్‌కు (కస్టమర్ ట్రేడ్‌కు రక్షణగా ప్రొవైడర్ దగ్గర మీరు వేసిన ట్రేడ్‌కు) వచ్చేది 10 డాలర్లు, మిగతా 990 మీ జేబులోంచి పోతాయి. మార్కెట్ నెమ్మదిగా ఉన్న రోజుల్లో ఇది ఎవరి కంటా పడదు. అందుకని ప్రతి సింబల్‌లోనూ ఒక చిన్న ట్రేడ్ నిజంగా వేసి, లాభనష్టం, మార్జిన్, స్వాప్ మూడూ కాగితం మీద చేత్తో లెక్కేసి, మీ ప్లాట్‌ఫాం చూపించే అంకెతోనూ ప్రొవైడర్ స్టేట్‌మెంట్‌తోనూ పోల్చండి. విసుగొచ్చే పనే, అయినా లైవ్‌లో పెట్టే ఏ ఒక్క సింబల్‌నీ వదలొద్దు. వంద సింబల్స్‌తో మొదలుపెట్టాలన్న ఆరాటం కూడా మానుకోండి, ఇరవై సరిగ్గా పెడితే మొదటి నెలలకు చాలు.

దీనికి దగ్గర్లోనే టైం సమస్య ఒకటుంది. ఫారెక్స్ రోజు న్యూయార్క్ సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది, అందుకే చాలామంది బ్రోకర్లు సర్వర్ టైంను చలికాలంలో గ్రీనిచ్‌కు 2 గంటలు, వేసవిలో 3 గంటలు ముందుంచుతారు, అప్పుడు చార్టులో వారానికి ఐదు రోజువారీ క్యాండిల్స్ (ఒక్కో రోజు రేట్లను చూపే కడ్డీలు) సరిగ్గా వస్తాయి. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం మారతాయి, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం. మధ్యలో ఉన్న ఆ రెండు మూడు వారాలు సర్వర్ యూరప్ టైంను పట్టుకుని ఉంటే రోజు మారే వేళ, స్వాప్ పడే వేళ, సెషన్ ముగిసే వేళ అన్నీ గంట పక్కకు జరుగుతాయి. స్వాప్ కూడా బుధవారం రాత్రి మూడు రోజులది పడుతుంది, సెటిల్‌మెంట్ రెండు పనిదినాల తర్వాత కాబట్టి శని ఆదివారాలు అందులోకే వస్తాయి. డాలర్-కెనడా జతకు సెటిల్‌మెంట్ ఒక్కరోజే, అక్కడ మూడు రోజుల స్వాప్ గురువారానికి పోతుంది. మీ ప్రొవైడర్ ఏ రోజు వేస్తున్నాడో అడిగి, మీ సెట్టింగ్ దానితో కలిసిందో లేదో చూడండి. ఒక్క రోజు తేడా ఉన్నా దాన్ని కనిపెట్టి ఆడుకునే ట్రేడర్లు ఉంటారు, చాలా త్వరగా వస్తారు కూడా.

రేట్ల ఫీడ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. యూరో-డాలర్ 1.0850 దగ్గర కదులుతుండగా ఎక్కడో పొరపాటున ఒకే ఒక్క టిక్ (ఒక రేటు అప్‌డేట్) 1.0085 అని వచ్చిందనుకోండి. ఆ ఒక్క క్షణంలో ఎక్కువ లెవరేజ్‌తో కొని ఉన్నవాళ్ల మార్జిన్ కుప్పకూలుతుంది, స్టాప్ అవుట్ తనంతట తానే పనిచేసి పొజిషన్లు మూసేస్తుంది, తర్వాతి టిక్ మళ్లీ 1.0851. కస్టమర్ చార్టులో ఆ పొడవాటి గీత అలాగే ఉంటుంది, అతని డబ్బు ఉండదు. దీన్ని ఆపడానికి ఫిల్టర్ పెడతారు, ముందు టిక్‌కు ఇంతకంటే దూరంగా ఉంటే వద్దు, అదే రేటు వరసగా మరిన్నిసార్లు వస్తే ఒప్పుకో అని. ఫిల్టర్ మరీ బిగిస్తే ఇంకో చిక్కు: నిజంగా పెద్ద వార్త వచ్చినప్పుడు మీ రేటు పాత చోటే ఆగిపోతుంది, బయట మార్కెట్ కదిలిపోతుంది, ఆ తేడా మీద ట్రేడ్ వేసేవాళ్లు మిమ్మల్ని ఖాళీ చేస్తారు. అందుకని అన్ని సింబల్స్‌కూ ఒకే అంకె పెట్టకుండా ఒక్కోదాని పాత కదలికలు చూసి విడివిడిగా పెట్టండి, రెండో ప్రొవైడర్ ఫీడ్ పక్కన నడిపి తేడా పెరిగితే అలారం మోగేలా చేయండి. తప్పు టిక్ వల్ల మూసుకుపోయిన ట్రేడ్లను ఏం చేస్తారో కూడా ముందే రాసి వెబ్‌సైట్‌లో పెట్టండి. కస్టమర్‌కు నష్టం వచ్చిన తప్పుడు ట్రేడ్లను వదిలేసి, లాభం వచ్చినవి మాత్రం రద్దు చేసే బ్రోకర్ మాట తర్వాత ఎవరూ నమ్మరు.

రోలోవర్ వేళ, అంటే ఫారెక్స్ రోజు మారే సమయంలో, స్ప్రెడ్ (కొనే రేటుకూ అమ్మే రేటుకూ మధ్య తేడా) బాగా పెరుగుతుందని గుర్తుంచుకోండి. ఒకే జతలో సమానంగా కొని, అమ్మి పెట్టుకున్న ఖాతా కూడా ఆ స్ప్రెడ్‌కే స్టాప్ అవుట్ అయిపోవచ్చు. డెమోలో ఇది కనిపించదు, ఎందుకంటే డెమో ఫీడ్‌ను చాలామంది అందంగా ఉంచుతారు. అలా చేయకండి, డెమోలో చూసిన స్ప్రెడ్ లైవ్‌లో రాకపోతే కస్టమర్‌ను మోసం చేసినట్టే.

ఆర్డర్లు బయటికి పంపాలా, మీ దగ్గరే ఉంచుకోవాలా అన్నది వ్యాపార నిర్ణయం, రెండూ చేసేవాళ్లున్నారు. ఏది చేసినా ఆ రూటింగ్ (ఏ ఆర్డర్ ఎటు పోవాలన్నది) కస్టమర్ గ్రూపుల వారీగా ఎలా పెట్టారో ఒక కాగితం మీద ఉండాలి, కొత్త గ్రూపు తెరిచినప్పుడు డిఫాల్ట్‌గా ఎటు పోతుందో తెలిసి ఉండాలి. బయటికి పంపే వాటికి ప్రొవైడర్ దగ్గర మీ మార్జిన్ సరిపడా ఉందా అన్నది రాత్రీ పగలూ చూస్తూ ఉండాలి, అది అయిపోతే మీ హెడ్జ్ ఆర్డర్లు తిరస్కరణకు గురవుతాయి, కస్టమర్ ఆర్డర్లు మాత్రం తీసుకుంటూనే ఉంటారు. స్లిప్పేజ్ (అడిగిన రేటుకూ ఆర్డర్ ఫిల్ అయిన రేటుకూ తేడా) విషయంలో వెండర్ ఏదైనా ప్లగిన్ చూపించి, కస్టమర్‌కు అనుకూలంగా జారిన రేటును మనమే ఉంచుకోవచ్చు అంటే వెంటనే వద్దనండి. 2011లో ఎఫ్ఎక్స్‌సీఎం అనే పెద్ద బ్రోకర్‌కు అమెరికాలో సరిగ్గా ఈ తరహా స్లిప్పేజ్ వ్యవహారం మీద 20 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఎవరికీ దొరకం అనుకోకండి, లాగ్‌లో అన్నీ ఉంటాయి.

2015 జనవరి 15ను ఈ రంగంలో ఉన్నవాళ్లు ఎవరూ మర్చిపోలేరు. స్విస్ కేంద్ర బ్యాంకు యూరోకు 1.20 ఫ్రాంకుల కనీస రేటును హఠాత్తుగా ఎత్తేసింది, నిమిషాల్లో రేటు పాతాళానికి పోయింది, స్టాప్ లాస్‌లు (నష్టం ఇంతకు చేరితే మూసెయ్ అనే ఆర్డర్లు) పెట్టిన చోట ఫిల్ కాలేదు, వేలాది ఖాతాలు మైనస్‌లోకి వెళ్లాయి. అల్పారీ యూకే అనే బ్రోకర్ దివాలా తీసింది, ఎఫ్ఎక్స్‌సీఎం 30 కోట్ల డాలర్ల అప్పుతో గానీ నిలబడలేదు. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్ మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది, రేటు సున్నా కిందికి పోతుందని ఊహించని సిస్టమ్‌లు ఆ అంకెను తీసుకోలేకపోయాయి. ఇలాంటి రోజును టెస్ట్ సర్వర్‌లో ఒకసారి ఆడించి చూడండి: ఒక సింబల్ రేటు 20 శాతం గంతేస్తే ఏ ఖాతా ఎక్కడ మూసుకుంటుంది, నెగటివ్ బ్యాలెన్స్ మొత్తం ఎంత తేలుతుంది, ఆ మొత్తం భరించే డబ్బు కంపెనీ దగ్గర ఉందా. లేదంటే లెవరేజ్ తగ్గించండి, అంతకంటే మార్గం లేదు.

డబ్బు వచ్చే దారిలో ఎక్కువగా జరిగే పొరపాటు చెప్తాను. పేమెంట్ గేట్‌వే డిపాజిట్ అయిందని మీ సీఆర్ఎంకు (కస్టమర్ల ఖాతాలు చూసుకునే సాఫ్ట్‌వేర్‌కు) సందేశం పంపుతుంది, జవాబు ఆలస్యమైతే అదే సందేశం మళ్లీ పంపుతుంది. ట్రాన్సాక్షన్ నంబర్ ముందే నమోదైందా అని మీ కోడ్ చూడకపోతే 500 డాలర్లు వేసిన మనిషికి 1,000 జమ అవుతాయి. అలాగే విత్‌డ్రాయల్ వచ్చిన దారిలోనే వెనక్కి పోవాలి, పేరు కేవైసీలోని పేరుతో కలవాలి, లేకపోతే మనీ లాండరింగ్‌కు మీ ఖాతా వాడుకుంటారు. కార్డు చెల్లింపుల మీద నెలల తర్వాత కూడా ఛార్జ్‌బ్యాక్ (డబ్బు వెనక్కి ఇవ్వమని కార్డుదారు బ్యాంకు ద్వారా అడగడం) రావచ్చు, దానికి డబ్బు పక్కన పెట్టుకోండి. కస్టమర్ల డబ్బు, కంపెనీ ఖర్చుల డబ్బు వేర్వేరు బ్యాంకు ఖాతాల్లో ఉండాలి, ఒక్కరోజుకైనా కలపొద్దు.

మేనేజర్ లాగిన్‌లు చాలా తక్కువమందికి ఇవ్వండి. బ్యాలెన్స్ వేసే హక్కు, ట్రేడ్ మార్చే హక్కు, సింబల్ సెట్టింగ్ మార్చే హక్కు ఒకే మనిషి చేతిలో ఉండకూడదు. ఆఫీస్ ఐపీ నుంచే లాగిన్ అయ్యేలా బిగించండి, ఎవరైనా ఉద్యోగం మానేస్తే ఆ రోజే మూసెయ్యండి. సెటప్ చేసిన వెండర్ టెక్నీషియన్ లాగిన్ కూడా అందులోకే వస్తుంది, దాన్నే అందరూ మర్చిపోతారు.

సర్వర్లను ప్రొవైడర్ సర్వర్లున్న డేటా సెంటర్ దగ్గరే పెట్టడం మేలు, లండన్ వైపు ఎల్‌డీ4, న్యూయార్క్ వైపు ఎన్‌వై4 ఎక్కువగా వినిపించే పేర్లు. బ్యాకప్ తీస్తున్నాం అనడం వేరు, దాన్నుంచి సర్వర్ తిరిగి లేపి చూడటం వేరు, ఒకసారైనా లేపి చూడండి.

తెరిచే రోజు ఆదివారం రాత్రి మార్కెట్ ఓపెనింగ్ కాకూడదు, అమెరికా ఉద్యోగాల లెక్కలు వచ్చే శుక్రవారం అసలే కాకూడదు. అంతకుముందు వారం మీ సొంత చిన్న మొత్తంతో డిపాజిట్ చేసి, ట్రేడ్ వేసి, బుధవారం రాత్రి దాటించి, డబ్బు వెనక్కి తీసుకుని బ్యాంకులో పడేదాకా చూడండి. తర్వాత కొద్దిమందితో మంగళవారం మొదలుపెట్టి, ప్రతి సాయంత్రం మార్కెట్ రోజు ముగిశాక బయటికి పంపిన కస్టమర్ పొజిషన్ల మొత్తాన్ని ప్రొవైడర్ దగ్గరున్న పొజిషన్లతో సింబల్ వారీగా సరిపోల్చండి. ఒక్క లాట్ తేడా వచ్చినా కారణం దొరికేదాకా కొత్త ఖాతాలు తెరవడం ఆపండి, మార్కెటింగ్ వాళ్లు ఎంత ఒత్తిడి పెట్టినా సరే.