ఊళ్లో మాట ఎవరిదో కనుక్కోవాలంటే

సమాజశాస్త్రం చదివే పిల్లలు అనంతపురంలో బస్సెక్కి మా ఊళ్లకు వస్తారు. చేతిలో నాలుగు పేజీల ప్రశ్నావళి ఉంటుంది. మొదటి ప్రశ్నే "మీ గ్రామంలో అధికారం ఎవరిది?" అందరూ "సర్పంచ్‌ది" అంటారు. పిల్లలు టిక్కు పెట్టుకుని మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోతారు. నార్పల మండలంలో కరువు పని (అదే, ఉపాధి హామీ పని) సామాజిక తనిఖీకి, అంటే పనుల లెక్కలు ఊరివాళ్లతోనే సరిచూడడానికి, ఇల్లిల్లూ తిరిగినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ ప్రశ్నావళిని సంచిలోంచి తీయకండి.

ఒక్క పనిని పట్టుకోండి. సిమెంటు రోడ్డో, నీటికుంటో, ఏదైనా సరే. అది ఆ వీధికే ఎందుకు వచ్చింది, మొదట అడిగినదెవరు, అర్జీ రాసినదెవరు, సంతకాలు ఎవరి అరుగు మీద జరిగాయి అని ఒక్కొక్కటే కూపీ లాగండి. రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ డాల్ అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో నిర్ణయాలను ఇలాగే తరచి చూసి 1961లో పుస్తకం రాశాడు. మరుసటి ఏడాదే బాక్రాక్, బారాట్జ్ అనే ఇద్దరు దానికి మెలిక పెట్టారు: సభకు వచ్చిన విషయాలు సరే, సభ దాకా రానివ్వని వాటి మాటేమిటి?

మా దగ్గర ఆ మెలికే ముఖ్యం. గ్రామసభ తీర్మానాల పుస్తకం చదివాక ఎస్సీ కాలనీకి వెళ్లి, సభలో అడగాలనుకుని అడగలేకపోయినదేమిటో కనుక్కోండి. నాకు శ్మశానం దారి గురించి చెప్పారు. పుస్తకంలో ఆ ఊసే లేదు.

మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, దొరికితే వదలకండి. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా మండలంలోని బండ్లపల్లిలోనే (కాస్త గొప్పకు చెబుతున్నాను లెండి). 2005 నాటి ఆ చట్టంలో 17వ సెక్షన్ తనిఖీని గ్రామసభ చేతికిచ్చింది. పేర్లు పైకి చదవండి, తర్వాత మీరేమీ అడగనక్కర్లేదు. నేను ఒక పేరు చదవగానే గుమ్మంలోని అవ్వ నవ్వింది. "ఆయన పోయి రెండేళ్లయింది, ఇప్పుడు గుంతలు తవ్వుతున్నాడా?"

సర్పంచ్ మహిళ అయితే మీరు ఆమెను అడుగుతారు, భర్త జవాబిస్తాడు. అక్కడ పట్టుబట్టకండి. వేరుశనగ కాయలు వలిచే ఆడవాళ్ల మధ్య కూర్చుని మీరూ వలవండి. గంట గడిచేసరికి ఆమే వచ్చి కూర్చోవచ్చు.

మీతో మాట్లాడడానికి వాళ్ల అంగీకారం నోటితో తీసుకుంటే చాలు. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఫారం మీద వేలిముద్ర అడిగారో, అప్పు పత్రమనుకుని తలుపేస్తారు. భోజనం ఎవరింట్లో చేశారో ఊరంతా చూస్తుంది. పెద్దింట్లో తిన్న రోజు కాలనీలో మీకు మంచినీళ్లు ఇస్తారు, మాట ఇవ్వరు.

నా తప్పు కూడా చెప్పాలి. మొదటి ఏడాది నోటుపుస్తకంలో అసలు పేర్లు రాసుకుని, బస చేసిన ఇంట్లో మంచం మీద వదిలి స్నానానికి వెళ్లాను. ఎవరో చదివారు. కూలిలో కోత గురించి చెప్పిన ఆమెకు రెండు వారాలు పని పిలుపు రాలేదు. నా భత్యం మాత్రం నాకు వచ్చింది. అప్పటి నుంచి మనుషులకు చెట్ల పేర్లు పెడుతున్నాను: వేప, చింత, కానుగ. ఏ చెట్టు ఎవరో రాసిన కాగితం ఆ ఊళ్లో ఉంచను.

నివేదిక ఇచ్చే ముందు ఊరికి తిరిగి వెళ్లి, ఎవరి మాటలు వారికి చదివి వినిపించండి. నా వల్ల పని పోగొట్టుకున్న ఆమె ఇంటికి వెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు, అయినా వెళ్లాను. అంతా విని ఒక్క వాక్యం తీసేయమంది. తీసేశాను. నివేదిక మొత్తంలో బాగున్న వాక్యం అదొక్కటే.