సెన్సర్ రీడింగులు – 4వ పాఠం: ఫోన్ మోగితే ఉష్ణోగ్రత ఎందుకు పెరిగింది?

పోయిన పాఠంలో ఎల్‌ఎం35 ఉష్ణోగ్రత సెన్సర్‌ని ఆర్డుయినో యూనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుకి కలిపి గది ఉష్ణోగ్రత చూశాం. ఇప్పుడు అదే సెన్సర్‌ని మూడడుగుల వైరు చివర కట్టండి. పక్కనే 2జీ కీప్యాడ్ ఫోన్ పెట్టి, దానికి కాల్ చేయండి.

నా బల్ల మీద 61, 62 దగ్గర నిలకడగా ఉన్న ముడి రీడింగ్ (డిగ్రీలు కాదు, యూనో లెక్కించే మెట్లు), రింగు ఇంకా వినపడకముందే 70 దాటింది. యూనోలో ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు, అంటే దాదాపు అర డిగ్రీ. గది అలాగే ఉంది, లెక్కలో మాత్రం నాలుగు డిగ్రీలు పెరిగాయి!

ఆ వైరు యాంటెన్నా అయిపోయింది. అది పట్టిన తరంగాన్ని సెన్సర్ లోపలి జంక్షన్లు (రెండు రకాల సెమీకండక్టర్ కలిసే చోట్లు) డయోడులా ఒకవైపే పోనిచ్చి, డీసీ వోల్టేజీగా మార్చేశాయి. క్రిస్టల్ రేడియో పనిచేసేదీ ఇలాగే. 2జీ ఫోన్ మాట్లాడేటప్పుడు సెకనుకు సుమారు 217 సార్లు ఆగి ఆగి ప్రసారం చేస్తుంది. స్పీకర్ల పక్కన వినిపించే ఆ గరగర ఇదే.

చాలామంది ఇక్కడ వంద రీడింగులకు సగటు తీస్తారు. నేనూ మొదట అదే చేశాను, తేడా పోలేదు. రీడింగ్ అటూ ఇటూ ఊగితే సగటు పనికొస్తుంది. ఇక్కడ మొత్తం ఒకవైపుకే జరిగింది. అందుకే తరంగాన్ని జంక్షన్ దాకా రానివ్వకూడదు.

సెన్సర్ కాళ్ళ దగ్గరే, సప్లైకీ గ్రౌండ్‌కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ (మీద 104 అని ఉంటుంది) సాల్డర్ చేయండి. అవుట్‌పుట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 75 ఓంల రెసిస్టర్, దానికి సిరీస్‌లో 1 మైక్రోఫారడ్. ఈ 75 ఓంలు, 1 మైక్రోఫారడ్ డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) ఇచ్చిన విలువలే. రెసిస్టర్ మానేసి కెపాసిటర్ ఒక్కటే పెట్టకండి: అవుట్‌పుట్ మీద నేరుగా 50 పికోఫారడ్లకు మించితే ఎల్‌ఎం35 తనంతట తనే ఆసిలేట్ అవ్వొచ్చు (అవుట్‌పుట్ ఆగకుండా పైకీ కిందికీ ఊగొచ్చు).

కెపాసిటర్ కాళ్ళు బాగా కత్తిరించండి. ఈ ఒక్క విషయంలో బద్ధకించొద్దు. రెండు కాళ్ళూ కలిపి సెంటీమీటరు మిగిలితే, ఆ 104 సుమారు 5 మెగాహెర్ట్జ్ దాటాక ఇండక్టర్‌లా ప్రవర్తిస్తుంది, అంటే తరంగాన్ని గ్రౌండ్‌కి పంపే బదులు అడ్డుకుంటుంది. మన ఫోన్ 900 మెగాహెర్ట్జ్‌లో ఉంది. మూడు వైర్లనూ కలిపి మెలి పెట్టడం కూడా మంచిదే.

ఒక్కో మార్పు చేశాక మళ్ళీ కాల్ చేసి, పది రీడింగులు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫోన్‌ని సెన్సర్ దగ్గర ఒకసారి, యూనో బోర్డు దగ్గర ఒకసారి ఉంచి చూడండి. బోర్డు దగ్గర ఇంకా పెరుగుతుంటే ఆ అంకెలు దాచండి, 5వ పాఠం వాటితోనే మొదలుపెడదాం.