నికోటిన్ గమ్ ఎలా నమలాలి?

"వారం నుంచి నములుతున్నానండీ, ఏం పనిచేయడం లేదు. పైగా ఎక్కిళ్లు, కడుపులో మంట" అంటూ సగం వాడిన స్ట్రిప్పు వెనక్కి తెచ్చేవాళ్లు మా మెడికల్ షాపుకి తరచూ వస్తుంటారు. ఎలా నమిలారని అడిగితే, "గమ్ కదా, మామూలుగానే" అంటారు. చిక్కంతా అక్కడే ఉంది.

సిగరెట్ మానడానికి వాడే ఈ గమ్ కొనడం తేలికే. నిద్రలేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకు 4 మి.గ్రా., మిగతావాళ్లకు 2 మి.గ్రా. మన దగ్గర 2 మి.గ్రా. గమ్ చీటీ లేకుండానే దొరుకుతుంది, నాలుగుకు డాక్టర్ చీటీ కావాలి. పుదీనా రుచే తీసుకోండి. తియ్యటి రుచులు వద్దు, తెలియకుండానే గబగబా నమిలేస్తారు. సిగరెట్ మానే రోజు ముందే అనుకుని, ఆ రోజు పొద్దున్నే మొదలుపెట్టండి.

ఇక నమలడం. ఇక్కడ తొందర పనికిరాదు.

గమ్ నోట్లో వేసుకుని నెమ్మదిగా నమలండి. కాసేపటికి మిరియం కొరికినట్టు ఘాటు తగులుతుంది, నోరు చిమచిమలాడుతుంది. వెంటనే ఆపేయండి. ఇంకొక్కసారి కూడా నమలొద్దు. గమ్‌ను బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలేయండి. ఒక నిమిషానికి అటూఇటూగా ఘాటు తగ్గుతుంది. అప్పుడు మళ్లీ నెమ్మదిగా నమిలి, ఘాటు రాగానే ఈసారి రెండో బుగ్గన పెట్టండి. ఇలా అరగంట. ఆ తర్వాత కాగితంలో చుట్టి, పిల్లలకు అందని చోట పారేయండి.

ఇంత చాదస్తం ఎందుకంటే, నికోటిన్ బుగ్గ లోపలి పొర గుండానే రక్తంలోకి చేరాలి. మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే అది లాలాజలంతో కలిసి కడుపులోకి పోతుంది. అక్కడ గ్రహించినదాన్ని లివర్ చాలావరకు విరిచేస్తుంది. ఎక్కిళ్లు, వికారం, మంట మాత్రం మిగులుతాయి, సిగరెట్ కోరిక తీరదు. "గమ్ పనిచేయలేదు" అనేవాళ్లలో ఎక్కువమందికి జరిగేది ఇదే.

టీ విషయంలోనూ అంతే జాగ్రత్త. టీ, కాఫీ, కూల్‌డ్రింక్, పళ్లరసం నోట్లో పులుపును పెంచుతాయి. ఆ పులుపులో నికోటిన్ లోపలికి ఎక్కదు. గమ్‌కు పావుగంట ముందు నుంచి, అది నోట్లో ఉన్నంతసేపూ నీళ్లు తప్ప ఏమీ వద్దు. టీకొట్టు దగ్గర టీ, సిగరెట్ జంటగా అలవాటైనవాళ్లకు ఇది కష్టమే. ముందు టీ తాగేసి, నోరు పుక్కిలించి, పావుగంట ఆగి గమ్ వేసుకోండి.

కోరిక పుట్టాక వెతుక్కోవద్దు. సిగరెట్ నికోటిన్ క్షణాల్లో మెదడుకెక్కుతుంది, గమ్‌కు ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. అందుకే మొదటి 6 వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున వేసుకోవాలి. తర్వాత 3 వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు, చివరి 3 వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి. రోజుకు 24 దాటకూడదు. పొదుపు చేద్దామని రోజుకు మూడు నాలుగుతో సరిపెట్టుకునేవాళ్లే మళ్లీ సిగరెట్ పట్టుకుంటారు.

పెదవి కింద పెట్టుకునే నికోటిన్ పౌచ్‌ల గురించి ఈమధ్య కుర్రాళ్లు బాగా అడుగుతున్నారు. వాటిలో పొగాకు ఆకు ఉండదు, కాల్చేదీ ఉండదు కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ ఒంట్లోకి పోవు. ఆ లెక్కన సిగరెట్ కంటే హాని తక్కువే. 2025 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జిన్ (ZYN) బ్రాండు పౌచ్‌లు 20 రకాలకు అమ్మకం అనుమతి ఇచ్చింది కూడా, కానీ అవి సురక్షితమని మాత్రం అనలేదు. నేను గమ్ వైపే ఉంటాను. 1978 నుంచి స్విట్జర్లాండ్‌లో వాడుతున్న మందు ఇది, 2009లో డబ్ల్యూహెచ్ఓ అత్యావశ్యక మందుల జాబితాకెక్కింది. పైగా 12 వారాల్లో మానేసే దారి దీనికుంది. పౌచ్ డబ్బా అయిపోతే ఇంకోటి కొనడమే. వాటికి బదులు ఖైనీ పెట్టుకుందామని మాత్రం అనుకోకండి. అది పొగాకే, నోటి క్యాన్సర్ తెస్తుంది.

గర్భిణులు, ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, దవడ కీలు నొప్పి ఉన్నవాళ్లు, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు డాక్టర్‌ని అడగకుండా గమ్ ముట్టొద్దు. కట్టుడు పళ్లకు గమ్ అతుక్కుంటుంది, అవి ఉన్నవాళ్లు చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ గురించి అడగండి. మధ్యలో పట్టు తప్పుతుందనిపిస్తే 1800-11-2356కు ఫోన్ చేయండి. పొగాకు మానేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబర్ అది.