విలువలు, జెండర్ మూసలు, జెండర్ గుర్తింపు: సర్వేలో విడివిడిగా అడగడం ఎలా?

జీవితంలో దేనికి విలువిస్తారు, ఆడామగా ఎలా ఉండాలని చుట్టూ అనుకుంటారు, తమను తాము ఏ జెండర్‌గా గుర్తించుకుంటారు: మూడూ వేరు. సైకాలజీ ప్రాజెక్టులు చెడేది వీటిని కలిపేసినప్పుడే.

విలువలకు మనస్తత్వవేత్త షాలోమ్ ష్వార్జ్ తయారుచేసిన 21 వాక్యాల ప్రశ్నావళి వాడండి. అధికారం, విజయం, భద్రత, సంప్రదాయం లాంటి 10 విలువలకు రెండేసి వాక్యాలు, విశ్వజనీనతకు (మనుషులందరి, ప్రకృతి మేలు కోరడం) మాత్రం మూడు. ప్రతి వాక్యం ఒక మనిషిని వర్ణిస్తుంది, ‘ఈ మనిషి ఎంతవరకు నాలాంటివారు’ అన్నదానికి 6 మెట్ల జవాబు ఉంటుంది. దీనికి ఆడవాళ్ల ప్రతి, మగవాళ్ల ప్రతి వేరుగా ఉన్నాయి. తెలుగులో ‘కోరుకుంటాడు’, ‘కోరుకుంటుంది’ అని రాస్తే ప్రశ్నే మూసను గుర్తుచేస్తుంది. ‘ఈ వ్యక్తి కోరుకుంటారు’ అని రాస్తే ఒకే ప్రతి అందరికీ సరిపోతుంది, ట్రాన్స్‌జెండర్, నాన్‌బైనరీ (తమను కేవలం స్త్రీగానో పురుషుడిగానో గుర్తించుకోని) వ్యక్తులకు కూడా.

కొందరు అన్నిటికీ 5, 6 వేసేస్తారు. అందుకే ఆ మనిషి 21 జవాబుల సగటును ఒక్కో విలువ సగటులోంచి తీసేయాలి. మొత్తం సగటు 4.5, అధికారానికి 4 వస్తే, అసలు స్కోరు మైనస్ 0.5. మెట్లలో 1 అంటే ‘అచ్చం నాలాగే’ అయితే ముందు ప్రతి జవాబునూ 7లోంచి తీసేయండి. ఇది మరిచిపోతే ఫలితం మొత్తం తలకిందులవుతుంది. సవరించిన 10 స్కోర్లనూ ఒకేసారి రిగ్రెషన్‌లో (కొన్ని అంశాల నుంచి మరోదాన్ని అంచనా వేసే గణాంక పద్ధతి) పెట్టకండి, అవి ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి.

మూసల కోసం తర్వాతి పేజీలో ఒక్కో విలువ గురించి ‘మీ చుట్టుపక్కల మగవాళ్లకు ఇది ఎంత ముఖ్యమనుకుంటారు?’ అని, మళ్లీ ఆడవాళ్ల గురించి అడగండి. ఆడతనం, మగతనం కొలవడానికి మనస్తత్వవేత్త సాండ్రా బెమ్ 1974లో ఇచ్చిన 60 లక్షణాల జాబితాను నేరుగా దించుకోవద్దు, అది అప్పటి అమెరికా విద్యార్థుల అంచనాలపై కట్టింది. దాని స్కోరు జెండర్ గుర్తింపును చెప్పదు కూడా. మృదుస్వభావం ఎక్కువున్న పురుషుడు పురుషుడే.

గుర్తింపు ప్రశ్న చివర్లో రావాలి. ముందే అడిగితే మిగతా జవాబులు మూసవైపు జరిగే ప్రమాదముంది. స్త్రీ, పురుషుడు, ట్రాన్స్‌జెండర్ స్త్రీ, ట్రాన్స్‌జెండర్ పురుషుడు, నాన్‌బైనరీ, చెప్పదలచుకోలేదు అని ఇవ్వండి. జెండర్‌ను ఎవరికివారే చెప్పుకునే హక్కును 2014లో సుప్రీంకోర్టు గుర్తించింది. ఇంట్లోవాళ్లు పక్కన ఉండగా ఈ పేజీ నింపించకండి.

70 దేశాల సమాచారంతో 2005లో వచ్చిన ష్వార్జ్, రూబెల్ అధ్యయనంలో మగవాళ్లు అధికారం, విజయాలకు, ఆడవాళ్లు పరోపకారానికి కాస్త ఎక్కువ విలువిచ్చారు. మధ్యస్థ తేడా 0.15 ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత). అంటే ఒక మగ, ఒక ఆడ మనిషిని యాదృచ్ఛికంగా తీసుకుంటే, సగటు ఎక్కువున్న వర్గం మనిషికే స్కోరు ఎక్కువ ఉండేది 100కు 54 సార్లే. రిపోర్టులో సగటులతో ఆపకుండా, రెండు వర్గాల స్కోర్లనూ ఒకే గ్రాఫ్‌పై ఒకదానిమీద ఒకటి గీసి చూపించండి.